అడగకముందు చెప్పిన మాట

మా ఎదురింటి ఆంటీ పోయి మూడు వారాలైంది. నిన్న లీజింగ్ ఆఫీసు వాళ్ళు వచ్చి ఆ అపార్ట్‌మెంట్ తలుపుకి కొత్తగా రంగు వేసి వెళ్ళారు. తలుపు అడుగున ఒకచోట చెక్క అరిగి చిన్న నొక్కు పడి ఉండేది. దాన్ని కూడా పూడ్చేశారు. ఆ నొక్కు ఎలా పడిందో ఈ సన్నీవేల్ మొత్తంలో ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకరు నేను.

ప్రతి ఆదివారం మధ్యాహ్నం నాలుగింటికి ఒక పెద్దాయన కాగితపు సంచి నిండా నారింజపళ్ళు పట్టుకుని ఆవిడ దగ్గరికి వచ్చేవాడు. ఆయన పెరట్లో కాసినవి. భార్య పోయి చాలా ఏళ్ళైన మనిషి. ఇస్త్రీ చొక్కా, మెడదాకా బొత్తాలు, చేతిలో టోపీ. ఆయన లోపల అడుగు పెట్టగానే ఆవిడ తన తోలు చెప్పు ఒకటి తెచ్చి తలుపు సందులో ఇరికించేది. జానెడు సందు. చలిగాలి వచ్చినా, కారిడార్‌లో ఎవరింట్లోనో పోపు ఘాటు లేచినా ఆ చెప్పు కదిలేది కాదు. ఆరింటికి ఆయన లేచి వెళ్ళాకే దాన్ని తీసి తలుపు మూసేది. కొన్నేళ్ళపాటు వారం వారం అలా నొక్కుకుని ఆ చెక్క అరిగింది.

మా పాప ఆవిడ ఇంట్లోకి మొదటిసారి వెళ్ళింది ఆ సందులోంచే. అప్పుడు దానికి పదమూడు నెలలు. కిరాణా సంచులు లోపల పెట్టి వెనక్కి తిరిగేసరికి పిల్ల లేదు. రెండు నిమిషాలు కూడా అయి ఉండదు. మెట్లు, పార్కింగ్, స్విమ్మింగ్ పూల్, అన్నీ ఒకేసారి కళ్ళముందు తిరిగాయి. అరుస్తూ కారిడార్‌లోకి వచ్చాను. ఎదురింటి తలుపు సందులోంచి పాప నవ్వు వినిపించింది. తోసుకుని వెళ్ళి చూస్తే తివాచీ మీద కూర్చుని నారింజ తొన చప్పరిస్తోంది.

"గింజలు! గింజలు తీశారా?" అన్నాను. పలకరింపు లేదు, ఎవరో ఏమిటో లేదు.

"తీశాను" అంది ఆవిడ.

"అన్నీనా? ఒక్కటి కూడా లేకుండా?"

"పదకొండు ఉన్నాయి. పదకొండూ తీశాను. నమ్మకం లేకపోతే లెక్కపెట్టుకో" అని పళ్ళెం నా ముందుకు జరిపింది.

నేను నిజంగానే లెక్కపెట్టాను. పెద్దాయన టోపీ మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత ఎవరికి పరిచయం చేసినా ఆవిడ నా పేరు చెప్పేది కాదు. "గింజలు లెక్కపెట్టిన అమ్మాయి" అనేది.

ఆంటీ అని పిలిస్తే మొదట్లో విడ్డూరంగా చూసింది. "నన్ను ఆంటీ అనే మనిషి ఒక్కడే ఉన్నాడు. న్యూజెర్సీలో. మా అన్న కొడుకు. పండక్కి ఒకసారి ఫోన్ చేస్తాడు. నువ్వు రోజుకి నాలుగుసార్లు అంటున్నావు" అంది. తను నన్ను "ఇజా" అనేది. వాళ్ళ భాషలో కూతురా అని. అయిదు వందల ఏళ్ళ కిందట స్పెయిన్ నుంచి తరిమేసిన యూదుల వంశం వాళ్ళది. టర్కీలో ఇజ్మీర్ అనే రేవు పట్నంలో పుట్టింది. ఇంట్లో మాట్లాడింది పాత స్పానిష్. మేమిద్దరం మాట్లాడుకున్నది ఇంగ్లీషే. నాది ఒక రకం ఇంగ్లీషు, ఆవిడది ఇంకో రకం.

మా ఆయన ఆఫీసుకి వెళ్ళాక నాకు పాప, గోడలు, గూగుల్. మా ఆయన వీసా మీద ఆధారపడే హెచ్ ఫోర్ వీసా మీద వచ్చాను, ఉద్యోగం చేయడానికి లేదు. పిల్ల తుమ్మితే పది వెబ్‌సైట్లు చూసేదాన్ని. నర్స్ లైన్‌కి ఫోన్ చేసి, వాళ్ళు ఒకసారి చెప్పినదాన్ని ఇంకో రకంగా మళ్ళీ అడిగేదాన్ని. ఆవిడ ఇల్లు దొరికాక రోజూ పదకొండింటికి పాపని ఎత్తుకుని అక్కడికి పోయేదాన్ని. పాప పడుకునేది. ఆవిడ ఉత్తరాలు చదువుతుంటే నేను ఫోన్‌తో ఒక్కొక్క పేజీ స్కాన్ చేసేదాన్ని.

ఆ ఉత్తరాలు ఆవిడ తాతగారివి. ఆయన ఇజ్మీర్‌లో రబ్బీ, అంటే యూదుల మతపెద్ద. వచ్చిన ఉత్తరాలు ఒక కట్ట, తను రాసిన జవాబుల నకళ్ళు ఒక లావుపాటి పుస్తకం. అన్నీ పెళ్ళిళ్ళ గురించి, విడాకుల గురించి. సలోనికా నుంచి ఒక రబ్బీ రాస్తాడు, మీ ఊరి కుర్రాడు మా ఊళ్ళో నిశ్చితార్థం చేసుకున్నాడు, అతనికి అక్కడ ఇదివరకే భార్య ఉందా? కైరో నుంచి ఇంకొకాయన, ఒక భర్త విడాకుల పత్రం రాయించి మనిషి చేతికిచ్చి పంపాడు, పత్రం దారిలో ఉండగా మనసు మార్చుకున్నాడు, ఏం చేయాలి? ఆవిడ ఒక్కొక్కటీ ఇంగ్లీషులోకి రాసుకుంటూ, మధ్యలో కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి నాకు చెప్పేది. నిన్న మొన్న జరిగినట్టే చెప్పేది. "ఆ సలోనికా పిల్లాడు దొంగ, ఇజా. మొహం చూడకుండానే చెప్పగలను" అనేది.

వాళ్ళ విడాకులు ఎలా ఇస్తారో ఒకసారి చేసి చూపించింది. కోర్టు ఇచ్చేది కాదట. భర్త తన ఇష్టంతో రాయించి, భార్య చేతుల్లో పెట్టాలి. ఆవిడ వేళ్ళకున్న రెండు ఉంగరాలూ తీసి పక్కన పెట్టి, రెండు అరచేతులూ దోసిలిలా కలిపి నా ముందు చాపింది. "లాక్కోకూడదు. మూసుకోకూడదు. అతను వదలాలి, ఇది ఇలా పడాలి." నేను డైపర్ల బిల్లు మడిచి ఆ దోసిట్లో వేశాను. ఆవిడ దాన్ని చంకలో పెట్టుకుని గుమ్మం దాకా నాలుగడుగులు నడిచి వెనక్కి వచ్చింది. "అంతే. ఇంక ఆమె ఎవరినైనా చేసుకోవచ్చు" అంది. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

నేను ఊరుకోలేదు. "మరి మీరు ఆ నారింజల అంకుల్ని చేసుకోవచ్చు కదా ఆంటీ?"

"ఆయన రెండుసార్లు అడిగాడు. నాకు భర్త ఉన్నాడు."

"ఎక్కడ?"

"అది తెలిస్తే చేసుకునేదాన్నే."

ఇరవై నాలుగేళ్ళ వయసులో భర్తతో అమెరికా వచ్చిందట. అతను వాచీలు బాగుచేసేవాడు. చిన్నప్పుడు మిషన్‌లో పడి ఎడమ చేతి చిటికెన వేలు సగమే మిగిలింది. పని చేస్తూ ఎప్పుడూ ఒకటే పాట పాడేవాడు, మూడో చరణం రాక అక్కడ ఆపేసేవాడు. నాలుగో ఏడు స్పేర్ పార్టుల కోసం లాస్ ఏంజిలస్ వెళ్ళొస్తానని చెప్పి వెళ్ళి తిరిగి రాలేదు. గొడవ లేదు, ఉత్తరం లేదు. కొన్నేళ్ళకి ఇక్కడి కోర్టు విడాకులు ఇచ్చింది. "ఆ కాగితం ఫైల్లో ఉంది. మా తాత ముందు పెడితే కళ్ళజోడు కూడా పెట్టుకోడు" అంది. అతను పత్రం ఇవ్వాలి, లేదా అతను పోయాడని తెలియాలి. రెండూ జరగనంత కాలం ఆవిడ మరొకరి భార్య. పరాయి మగవాడితో తలుపు మూసుకుని కూర్చోకూడదు. అందుకే చెప్పు.

"ఎవరు చూస్తారు ఆంటీ?"

"ఎవరూ చూడరు. నేను మా తాత ఉత్తరాలు చదువుతున్నాను కదా, నాకు తెలుస్తుంది."

ఈ కథంతా ఏ మాట మీద తిరిగిందో ఆ మాట కూడా ఉత్తరాల్లోదే. ఒకామె భర్త, బొత్తాలమ్ముకునే నత్తివాడు, ఓడెక్కి వెళ్ళి మాయమయ్యాడు. తొమ్మిదేళ్ళు. ఒకరోజు రేవులో, కాఫీ దుకాణంలో, ఒక హమాలీ ఇంకో హమాలీతో అంటున్నాడు: "ఆ బొత్తాలమ్మే నత్తి యూదుడు లేడూ, మెట్ల మీద నుంచి పడి పోయాడు పాపం, మేమే మోశాం." పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడు విని రబ్బీకి చెప్పాడు. ఆ ఒక్క మాట మీద ఆమెకి విడుదల దొరికింది. ఎందుకంటే ఆ హమాలీ వాళ్ళ మతంవాడు కాదు, ఆ మాటకోసం ఒక ఆడది ఎదురు చూస్తోందని వాడికి తెలియదు. ఏదో కబుర్లలో అన్నాడు. అలాంటి మాట చెల్లుతుంది. అదే మనిషిని కూర్చోబెట్టి, ఫలానా వాడు పోయాడా అని అడిగి చెప్పిస్తే అంత విలువ ఉండదు. తాతగారు ఆ ఊరికి రాసిన జవాబులో ఒక వాక్యం కింద ఆవిడ పెన్సిల్‌తో గీత గీసింది. ఆ హమాలీ దగ్గరికి ఎవరూ వెళ్ళవద్దు, అతన్ని ఏమీ అడగవద్దు.

"ఎందుకని? అడిగితే నిజం చెప్పడా?" అన్నాను.

"చెప్తాడు. నిజంతో పాటు ఇంకా రెండు చెప్తాడు. మనం అడిగామని" అంది. అని, నా వైపు చూసి, "నువ్వైతే అడగకుండా ఒక్క పూట ఉండలేవు" అంది. ముద్దుగానే అంది.

పాప రెండో పుట్టినరోజుకి మా బాబాయి వచ్చాడు. పిన్ని మొగుడు, ఆరిజోనాలో ఉంటాడు. చెయ్యి ఖాళీగా ఉన్నా నోరు ఖాళీగా ఉంచని మనిషి. శనివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ కబుర్లు మొదలుపెట్టాడు.

"మా కింద పోర్షన్లో ఒక ముసలాయన ఉండేవాడులేమ్మా. వాచీలు రిపేర్ చేసేవాడు. మా నాన్న వాచీ ఇండియాలో ఎవడి వల్లా కాలేదు, ఈయన గంటలో నడిపించేశాడు. చేస్తున్నంతసేపూ ఏదో పాట. నేను స్పానిష్ అనుకున్నా. మా మెయింటెనెన్స్ మెక్సికన్ ఉన్నాడే, వాడేమన్నాడంటే, 'ఇది మా స్పానిష్ కాదు బాసూ, మా ముత్తవ్వకి ముత్తవ్వది' అన్నాడు. పాపం మొన్న వింటర్‌లో పోయాడు. నా అన్నవాడు లేడు. మేం నలుగురం వెళ్ళి మట్టేసి వచ్చాం. ఇంకొంచెం పప్పుచారు పొయ్యి."

నా చేతిలో గరిటె ఆగిపోయింది.

ఇక్కడి నుంచే నాకు వరుస తెగిపోతుంది. ఎన్నిసార్లు గుర్తు తెచ్చుకున్నా అంతే. బాబాయి "సగం వేలుతో ఎంత పనితనం అనుకున్నావు" అని అన్నాడు. ఆ మాట నా చెవిలో ఇంకా ఉంది. కానీ నేను "బాబాయ్, ఆయన చిటికెన వేలు ఎలా ఉండేది?" అని అడిగాను. ఆ మాట కూడా చెవిలో ఉంది. ఏది ముందు, ఏది వెనక? మా ఆయన అప్పుడు పాప మూతి తుడుస్తున్నాడు. తను వినలేదు.

తర్వాత చేసినదంతా మాత్రం బాగా గుర్తుంది. చెయ్యి కూడా కడుక్కోకుండా బాబాయికి మొత్తం చెప్పేశాను. ఆవిడ, ఆ భర్త, యాభై ఏళ్ళ ఎదురుచూపు, నారింజల పెద్దాయన, తలుపులో చెప్పు. బాబాయి కళ్ళు తుడుచుకున్నాడు.

"అయ్యో అయ్యో, మహాతల్లి. ఏం చెప్పాలో చెప్పమ్మా, చెప్పేస్తాను. కోర్టుకి రమ్మన్నా వస్తాను."

"ఆయన పెళ్ళాం గురించి ఎప్పుడైనా అన్నాడా బాబాయ్? పేరేమైనా?"

"అనే ఉంటాడు. ఉండు, ఆలోచించనీ."

అప్పటికప్పుడు బాబాయి చెయ్యి పట్టుకుని ఎదురింటికి లాక్కుపోయాను. శనివారం వాళ్ళకి విశ్రాంతి రోజు, ఆవిడ ఫోన్ ముట్టుకోదు, దీపం కూడా వెయ్యదు. కిటికీ దగ్గర కూర్చుని ఉంది. నేను ఒగరుస్తూ చెప్పుకుంటూ పోయాను. వాచీలు, పాట అన్నంతవరకు ఆవిడ మొహంలో నేనెప్పుడూ చూడని వెలుగు వచ్చింది. లేచి నిలబడింది, బల్ల అంచు పట్టుకుంది. "పాట మధ్యలో ఆపేసేవాడట ఆంటీ, కదా బాబాయ్? వేలు కూడా సగమే, కదా?" అన్నాను. బాబాయి రెండిటికీ "ఎస్ మేడమ్, ఎస్ మేడమ్" అన్నాడు. పాట మధ్యలో ఆపడం సంగతి బాబాయి భోజనాల దగ్గర అనలేదు. అది నేను పెట్టిన మాట. నాకు అప్పుడు ఆ స్పృహే లేదు.

ఆవిడ మెల్లగా కూర్చుంది. బాబాయిని కాదు, నన్ను అడిగింది.

"ఇజా, నా సంగతి ఈయనకి చెప్పావా?"

"అంతా చెప్పాను ఆంటీ!" అన్నాను, బహుమతి ఇస్తున్నట్టు.

ఆవిడ లేచి వంటగదిలోకి వెళ్ళింది. బాబాయికి బాదంపప్పు బిస్కెట్లు పెట్టింది.

శనివారం చీకటి పడ్డాక ఆవిడ కబురు పెడితే, ఆదివారం పొద్దున రబ్బీ ఫోన్ చేశాడు. ఇక్కడి ప్రార్థనామందిరం రబ్బీ ఆయనే, చిన్నవయసు గొంతు, చాలా మెత్తగా మాట్లాడాడు. స్పీకర్ పెట్టి బల్ల మధ్యలో ఉంచాం. ఆవిడ, నేను, బాబాయి, నా ఒళ్ళో పాప. బాబాయి ఇస్త్రీ చొక్కా వేసుకుని, రాత్రంతా ఆలోచించి వచ్చాడు.

"హండ్రెడ్ పర్సెంట్ సర్. సేమ్ పర్సన్ సర్. వేలు సగం సర్. పాట మధ్యలో స్టాప్ సర్. హిస్ వైఫ్ నేమ్ ఆల్సో హీ టోల్డ్ మీ సర్" అని ఆవిడ పేరు కూడా చెప్పాడు. నిన్న మధ్యాహ్నం దాకా ఆ పేరు బాబాయికి తెలియదు.

రబ్బీ అడిగాడు. "భార్య పేరు మీకు ఆయన ఎప్పుడు చెప్పాడండీ?"

"వాచీ ఇచ్చినప్పుడు సర్. కాదు కాదు, తర్వాత. క్రిస్మస్‌కి అనుకుంటా సర్."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నాకు బాబాయి మీద కోపం రాలేదు. మా వైపు ఎవరైనా అంతే చేస్తారు. ఒకరికి మేలు జరుగుతుందని తెలిశాక, తెలిసింది తెలిసినంతే చెప్పి ఊరుకోవడం మాకు పిసినారితనంలా అనిపిస్తుంది. పెళ్ళి సంబంధం అడిగితే అలాగే చెప్తాం, ఉద్యోగానికి రిఫరెన్స్ అడిగితే అలాగే చెప్తాం.

రబ్బీ బాబాయికి థాంక్స్ చెప్పి నన్ను పిలిచాడు. "అమ్మా, మీరు ఏదీ తేల్చి చెప్పనవసరం లేదు. మీరు ఆయన్ని ఏమీ అడగకముందు, తన అంతట తాను ఏమన్నాడో అంతే చెప్పండి."

చెప్పాను. వాచీలు, పాట, పోయాడు, మట్టి వేశాం.

"వాచీలు బాగుచేసేవాళ్ళు చాలామంది ఉంటారు. పాటలు పాడేవాళ్ళూ ఉంటారు. ఒంటి మీది గుర్తు వేరు. వేలి సంగతి ముందు ఎత్తింది ఎవరు? ఆయనా, మీరా?"

నోరు తెరిచాను. బాబాయి నా వైపు ఆత్రంగా తల ఊపుతున్నాడు, చెప్పెయ్ చెప్పెయ్ అని. "ఆయనే" అంటే సరిపోతుంది. అది నిజం కూడా కావచ్చు. నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ బల్ల మీది చెక్కగీతలు చూస్తోంది. నా వైపు చూడలేదు. చూస్తే నేను అబద్ధం చెప్తానని ఆవిడకి తెలుసు.

"నాకు గుర్తులేదు" అన్నాను.

"పరవాలేదమ్మా" అన్నాడు రబ్బీ. ఆ మాట ఎవరూ నాతో అంత దయగా ఎప్పుడూ అనలేదు, అంత భారంగా కూడా.

ఆయన వదిలెయ్యలేదు. ఆరిజోనాకి ఫోన్లు చేశాడు. ఆ ముసలాయన అక్కడ వేరే పేరుతో ఉన్నాడు. సామానంతా ఎప్పుడో పారేశారు. ఒక్క ఫొటో లేదు. మట్టి వేసిన తక్కిన ముగ్గురూ తలా ఒక రాష్ట్రం వెళ్ళిపోయారు. ఒకతన్ని పట్టుకుంటే, అప్పటికే బాబాయి అతనికి ఫోన్ చేసి ఏం చెప్పాలో చెప్పి ఉంచాడు. రబ్బీ తనకన్నా పెద్ద రబ్బీలిద్దరికి ఉత్తరాలు రాశాడు, ఆవిడ తాతగారికి అందరూ రాసినట్టే. మూడు నెలలకి జవాబులు వచ్చాయి. ఇంతమాత్రం మీద ఆధారపడలేం, ఇంకేదైనా దొరికితే మళ్ళీ చూద్దాం అని. ఆవిడ ఆ జవాబులు రెండుసార్లు చదివి, "బాగా రాశారు. మా తాత కూడా ఇదే రాసేవాడు" అని కట్టలో పెట్టేసింది.

నేను ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చింది. "మీ బాబాయి మంచివాడు. ఈ ఉత్తరాల నిండా మీ బాబాయిలే, ఇజా. చెడ్డవాళ్ళ వల్ల కన్నా మంచివాళ్ళ వల్లే ఎక్కువమంది ఆడవాళ్ళు ఆగిపోయారు" అంది. ఎత్తిపొడుపు లేదు. అదే నాకు ఎక్కువ బాధ. నువ్వు అన్నం వడ్డిస్తూ నోరు మూసుకుని ఉండి, అతని కబురంతా అయ్యాక నా దగ్గరికి వచ్చి విన్నది విన్నట్టు చెప్తే ఏం పోయేది అని ఒక్క మాట అని ఉంటే బాగుండేది. నేను ఆ మాట రోజూ నాకు నేనే అనుకుంటున్నాను.

జవాబులు వచ్చిన ఆదివారం పెద్దాయన ఎప్పటిలాగే నారింజలు తెచ్చాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది. చెప్పు తీసుకురాలేదు. మా తలుపు తెరిచే ఉంది, పాపకి బూట్లు తొడుగుతూ నేను విన్నాను.

"ఇంక రావద్దు" అంది.

"ఏం మారిందని? నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అన్నాడాయన.

"మూడు నెలలు నేను నీ భార్యనవుతానని అనుకుంటూ పడుకున్నాను. ఇంక తలుపు ఎంత తెరిచి పెట్టినా మూసినట్టే."

ఆయన టోపీ పెట్టుకున్నాడు. సంచి గోడవారగా పెట్టి వెళ్ళిపోయాడు. సాయంత్రం దాకా అది అక్కడే ఉంది. తర్వాత నేనే తెచ్చుకున్నాను, ఆవిడ తీసుకోనంది. ఒక్కొక్క తొన గింజలు తీసి పాపకి పెట్టాను. నేను నోరు జారకపోతే ఆవిడకి ఏం మిగిలేదో కూడా అప్పుడు అర్థమైంది. పెళ్ళి కాకపోయినా ఆదివారాలు మిగిలేవి. పాడుచేసింది ఆశ. ఆశ తీసుకొచ్చి లోపల పెట్టింది నేను.

అప్పట్నుంచి మా ఇద్దరి మధ్యా ఏమీ మారలేదు. పదకొండింటికి నేను వెళ్ళేదాన్ని, పాప పడుకునేది, ఉత్తరాలు సాగేవి. ఒకటే తేడా. నేను అడగడం మానేశాను. ఆవిడ దగ్గుతున్నప్పుడు డాక్టర్‌కి చూపించారా అని అడగలేదు. చేతి మీద దూది, ప్లాస్టరు కనిపించినప్పుడు అదేమిటని అడగలేదు. జీవితంలో మొదటిసారి నోరు అదుపులో పెట్టుకున్నానని లోపల కొంచెం గర్వపడ్డాను కూడా. ఒకరోజు ఆవిడే, "నీకేమైంది, ఇజా? ఒక ప్రశ్న వెయ్యి. ఇల్లు చప్పగా ఉంది" అంది. నేను నవ్వి ఊరుకున్నాను. అప్పటికి ఆవిడకి జబ్బు ఊపిరితిత్తులు దాటి పోయిందట. అడిగి ఉంటే చెప్పేదేమో.

హాస్పిటల్లో అయిదు రోజులు ఉంది. ఆరో రోజు పొద్దున పోయింది. వాళ్ళలో ఆలస్యం చేయరు, మర్నాటికల్లా పాతిపెట్టాలి. అన్న కొడుకు న్యూజెర్సీలో విమానం ఎక్కుతూ నాకు ఫోన్ చేశాడు. "మీరు ఆవిడకి బాగా దగ్గరట కదా, నేను వచ్చేలోపు ఫ్యూనరల్ హోమ్‌కి వెళ్ళి వాళ్ళడిగిన వివరాలు ఇవ్వగలరా?" అన్నాడు. నేను పాపని కార్ సీట్లో కూర్చోబెట్టి, ముందు పెద్దాయన ఇంటికి డ్రైవ్ చేశాను. ఆయన పెరటి గుమ్మంలోనే నన్ను చూసి విషయం గ్రహించాడు. ఏమీ అడగకుండా టోపీ పెట్టుకుని వచ్చి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఫ్యూనరల్ హోమ్‌లో టై కట్టుకున్న ఒక కుర్ర ఉద్యోగి కంప్యూటర్ ముందు కూర్చుని ఫారం నింపుతున్నాడు. డెత్ సర్టిఫికెట్ కోసమట. పేరు, పుట్టిన ఊరు, తండ్రి పేరు. తెలిసినవన్నీ చెప్పాను. పాప నా ఒళ్ళో అతని పెన్నుల డబ్బా లాగుతోంది.

"మారిటల్ స్టేటస్?" అన్నాడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. "మ్యారీడ్, డివోర్స్‌డ్, విడోడ్, నెవర్ మ్యారీడ్?"

"విడోడ్" అన్నాను.

అతను ఒకసారి క్లిక్ చేశాడు. మీకెలా తెలుసు అనలేదు. ఎవరు చెప్పారు, ముందు చెప్పారా, తర్వాత చెప్పారా అనలేదు. "మిలిటరీలో ఏమైనా పని చేశారా?" అని తర్వాతి ప్రశ్నకి వెళ్ళాడు.

లేదని చెప్పి పక్కకి తిరిగాను. పక్క కుర్చీలో పెద్దాయన ముందుకు వంగి, ఆ తెర మీద ఆ మాట ఎక్కడ పడిందా అని వెతుకుతున్నాడు.